పునాది తవ్వకముందే గీత చూపించండి: గంజాం తీర కమిటీకి బహిరంగ లేఖ

గంజాం జిల్లా స్థాయి తీర కమిటీకి అధ్యక్షులైన కలెక్టర్ గారికి, తీరం వెంబడి ఉన్న తహసీల్దార్లకు, బీడీవోలకు, పట్టణ కార్యాలయాల అధికారులకు, పంచాయతీల సర్పంచులకు నమస్కారాలతో రాస్తున్నది.

బాహుదా నది మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గరి సోనాపురం నుంచి గోపాలపురం, ఆర్యపల్లి మీదుగా రుషికుల్య మొగ దాకా ఉన్న తెలుగు పేటల్లో ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లం, భూమి కొలిచేవాళ్లం, పునాదులు పోసే మేస్త్రీలం కలిసి రాస్తున్నాం. సీఆర్‌జెడ్, అంటే తీర నియంత్రణ మండలి, నిబంధనలు ఎత్తేయమని అడగడానికి కాదు. సముద్రం పక్కన ఇల్లు కట్టకూడని చోటు ఒకటి ఉంటుందని అందరికంటే ముందు తెలిసింది ఈ పేటలకే. మా మనవి ఒక్కటే. ఎక్కడ కట్టకూడదో ఆ గీతను పునాది తవ్వకముందే, ఇంటివాడి స్థలంలోనే, అతనికి వచ్చిన భాషలో చూపించండి. పిల్లర్లు లేచాక వచ్చే నోటీసు తీరాన్ని కాపాడదు, కుటుంబాన్ని మాత్రం అప్పులో ముంచుతుంది. బేస్‌మెంట్ దాకా వచ్చేసరికే సిమెంటు, ఇనుము, కంకర, కూలి కింద చేతిలో ఉన్నదంతా నేలలోకి దిగిపోయి ఉంటుంది. దాన్ని తవ్వి బయటికి తీసుకోలేం.

ముందు నిబంధన సంగతి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద మొదటి సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ 1991 ఫిబ్రవరి 19న వచ్చింది. తర్వాత 2011 జనవరి 6న ఒకటి, 2019 జనవరి 18న మరొకటి. గందరగోళమంతా ఈ చివరి రెండింటి మధ్యే ఉంది. 2011 ప్రకారం పల్లె తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్లు, అంటే సుమారు 656 అడుగులు, కట్టడాలు నిషేధం. మత్స్యకారుల్లాంటి సంప్రదాయ తీరవాసుల ఇళ్లకు మాత్రం 100 నుంచి 200 మీటర్ల మధ్య అవకాశం ఇచ్చారు. 2019లో పల్లెల్ని రెండుగా విడదీశారు. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2161 మంది కంటే ఎక్కువున్న చోట నిషేధం 50 మీటర్లకు తగ్గింది, తక్కువున్న చోట 200 మీటర్లే మిగిలింది. అయితే కొత్త దూరాలు ఊరికే అమల్లోకి రావు. రాష్ట్ర తీర నిర్వహణ పటాన్ని 2019కి తగ్గట్టు సవరించి ఆమోదం తీసుకున్నాకే వర్తిస్తాయి, అంతవరకూ 2011 పటమే చెల్లుతుంది. ఒకే వీధిలో ఒకరి దరఖాస్తును 50 మీటర్ల లెక్కన, ఇంకొకరిది 200 మీటర్ల లెక్కన చూస్తే తప్పు ఇంటివాడిది కాదు. ఏ నోటిఫికేషన్, ఏ పటం, ఏ షీటు నంబరు చూసి నిర్ణయించారో ప్రతి అనుమతి మీదా, ప్రతి తిరస్కరణ మీదా రాయించండి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, ఒక రబ్బరు స్టాంపు చాలు.

పోటు గీత అన్న మాటను కూడా విడమరిచి చెప్పాలి. అమావాస్య, పౌర్ణమి పెద్దపోటుకు నీరు నేల మీద ఎంతవరకు ఎక్కుతుందో అది పోటు గీత. దాన్ని గుర్తించేది కేంద్రం అధికారమిచ్చిన సంస్థలు. పేటల్లో చాలామంది తుపాను నీరు వచ్చిన జాడనే గీత అనుకుంటారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు నీరు నిలిచిన గోడను చూపించి, గీత ఇక్కడిదాకా వచ్చిందేమోనని భయపడి స్థలం అమ్ముకునేవాళ్లున్నారు. మామూలు రోజు నీరు ఆగేచోటే గీత అనుకుని దాని పక్కనే గుంటలు తీసేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే.

సముద్రం వైపు లెక్క కాస్త సులువు. కష్టమంతా ఉప్పుటేర్లు, మొగల దగ్గర. 2019 ప్రకారం పోటు నీరు వచ్చే ఏరు పక్కన పోటు గీత నుంచి 50 మీటర్లు గానీ, ఆ ఏటి వెడల్పు గానీ, ఏది తక్కువైతే అంతవరకే నిషేధం. 2011లో ఆ 50 స్థానంలో 100 ఉండేది. పోటు ప్రభావం పైకి ఎంత దూరం లెక్కపెట్టాలంటే, ఏడాదిలో బాగా ఎండిన కాలంలో నీటిలో ఉప్పు వెయ్యికి 5 పాళ్లు ఉన్నచోటి దాకా. సముద్రపు నీటిలో సుమారు 35 పాళ్లు ఉంటుంది. మన మొగలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఈ తీరంలో అలలు ఇసుకను ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతాయి. దాంతో మొగకు అడ్డంగా ఇసుక తిన్నె పెరిగి, నీటిదారి ఉత్తరానికి జరుగుతుంది. ఎండాకాలంలో తిన్నె మూసుకుపోతే పోటు లోపలికి రాదు, వానలకు వరద తోసుకుని తెరుచుకుంటే మళ్లీ వస్తుంది. మొగ మూసుకున్న ఏడాది కొలిచిన ఉప్పునూ, తెరుచుకున్న ఏడాది కొలిచిన ఉప్పునూ ఒకే గాటన కట్టకూడదు. మీ షీటు మీద కొలిచిన నెల, ఏడాది, మొగ తెరిచి ఉందా మూసి ఉందా అన్నది వేయించాలి.

ఇంకో చిక్కుంది. మొగకు దగ్గరి స్థలాలకు రెండు గీతలూ పడతాయి. ఏటి నుంచి దూరం సరిపోయిందని ఊపిరి పీల్చుకుంటే, సముద్రపు గీత నుంచి 500 మీటర్ల లోపు ఉన్నందుకు మళ్లీ సీఆర్‌జెడ్‌లోనే ఉంటారు. రుషికుల్య మొగ చుట్టుపక్కల ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక నేల దీనికీ మించినది. అది సీఆర్‌జెడ్‌లో అన్నిటికంటే కఠినమైన ఒకటో తరగతి, అక్కడ ఇంటి మాటే ఉండదు. అది మాకు పూర్తిగా సమ్మతం.

గీత ఎంత పల్చగా ఉండాలో ఒక లెక్క చెబుతాం. ఏటి వెడల్పు 22 మీటర్లు అనుకోండి, అంటే 72 అడుగులు. అది 50 మీటర్ల కంటే తక్కువ కాబట్టి నిషేధ దూరం కూడా అంతే. ఇంటివాడిది ఒడిశా లెక్కన ఒక గుంట, అంటే 4 డెసిమళ్లు, దాదాపు 1742 చదరపు అడుగులు. ముఖం 32 అడుగులు, లోతు 54. స్థలం వెనక హద్దు పోటు గీతకు 40 అడుగుల దూరంలో ఉంది. 72లో 40 పోతే 32 అడుగులు నిషేధంలో పడ్డాయి, ముందు వైపు 22 అడుగుల లోతు మిగిలింది. 32 ముఖం, 22 లోతు అంటే రెండు గదులు, వంటిల్లు, వసారా పెట్టుకోవచ్చు. అదే లెక్క 1:25,000 పటం మీద చూస్తే? ఆ పటం మీద అర మిల్లీమీటరు పెన్ను గీత నేల మీద 12.5 మీటర్లు, 41 అడుగులు. గీత అటు జరిగితే స్థలమంతా నిషేధం బయట, ఇటు జరిగితే స్థలమంతా నిషేధం. ఒక్క పెన్ను మందంలో ఒక ఇల్లు ఉంటుంది, పోతుంది. అందుకే నోటిఫికేషన్ స్థానిక పటాన్ని సుమారు 1:4,000 కొలతలో, సర్వే ప్లాట్లు కనిపించేలా తయారు చేయమంటుంది. అందులో అదే అర మిల్లీమీటరు 2 మీటర్లే. పేటలో మనిషికి చూపించాల్సింది ఈ పటం. కంప్యూటర్ తెరమీద కనిపించే 1:25,000 పటం చూపి కాదనడం న్యాయం కాదు.

ఆ 1:4,000 షీట్లను ప్రతి తీర పంచాయతీలో, ప్లాట్ నంబర్లతో, తెలుగులోనూ ఒడియాలోనూ అంటించండి. దాంతో ఆగకుండా గీత మీద నేలలో రాళ్లు పాతించండి. కొలిచే యంత్రం తెచ్చి 100 మీటర్లకొకటి, ఏరు వంపు తిరిగేచోట 25 మీటర్లకొకటి చొప్పున సిమెంటు రాయి పాతి, మీద నంబరు చెక్కిస్తే చాలు. మొగల దగ్గర కొట్టుకుపోయిన రాళ్లను ఏడాదికోసారి సరిచూడాలి. ఫోన్‌లో లొకేషన్ పెట్టి గీత చూసుకోమని చెప్పకండి. ఫోన్ 5, 10 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. పై లెక్కలో ఆ 10 మీటర్లే ఇల్లంతా.

ప్రభుత్వ ఇళ్ల విషయంలో దారి ఇంకా తేలిక. ఆవాస్ యోజన ఇల్లు మంజూరు చేసే ముందు స్థలాన్ని ఫోటో తీసి జియోట్యాగ్ చేస్తారు. ఆ అక్షాంశ రేఖాంశాలు అప్పటికే బ్లాక్ ఆఫీసులో ఉంటాయి. మంజూరు పత్రం రాయకముందు వాటిని తీర పటం మీద పెట్టి చూడడం ఒక్క మనిషికి కొద్ది నిమిషాల పని. గీతకు 20 మీటర్ల లోపు వచ్చిన స్థలాలకే అమీన్‌ను, అంటే భూమి కొలిచే ఉద్యోగిని, పంపి కొలిపించండి. ఈ పని చేయకుండా మొదటి విడత డబ్బు ఇచ్చి, రెండో విడత అప్పుడు ఆపేస్తే ప్రభుత్వం సొమ్మూ నేలపాలే, ఇంటివాడి సొమ్మూ నేలపాలే.

ఇక అనుమతి ఎవరివ్వాలన్న సంగతి. 2019 నోటిఫికేషన్‌లో చాలామందికి తెలియని మేలైన నియమం ఒకటుంది. సొంతంగా ఉండే ఇల్లు, మొత్తం కట్టుబడి విస్తీర్ణం 300 చదరపు మీటర్ల లోపు, అంటే సుమారు 3229 చదరపు అడుగుల లోపు అయితే, రాష్ట్ర తీర ప్రాంత అథారిటీ సిఫారసు అక్కర్లేదు. స్థానిక సంస్థే ఆమోదించవచ్చు. కానీ ఆ స్థానిక సంస్థ సీఆర్‌జెడ్ కోణంలో దాన్ని పరిశీలించి మరీ ఆమోదించాలి. పేటల్లో ఇళ్లు దాదాపు అన్నీ ఈ కొలతలోనివే. నిషేధం దాటిన చోట, మత్స్యకార గ్రామాల్లో, ఎత్తు 9 మీటర్లు మించకుండా, కింద ఒకటి మీద ఒకటి, రెండంతస్తుల దాకా కట్టుకోవచ్చు. కానీ పంచాయతీలో ఆ పరిశీలన ఎలా చేయాలో నేర్పినవాళ్లు లేరు. కొందరు భయపడి భువనేశ్వరం వెళ్లమంటారు. అక్కడ ఇది మా దగ్గరికి రావలసిన ఫైలు కాదంటారు. కొందరు పటం ముఖం చూడకుండా ముద్ర వేస్తారు. మొదటిది ఇంటివాడిని తిప్పుతుంది, రెండోది ముంచుతుంది. కేరళలోని మరడు సంగతి మీకు తెలియంది కాదు. పంచాయతీ అనుమతితో లేచిన నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలను తీర నిబంధన ఉల్లంఘన కింద సుప్రీంకోర్టు కూల్చమంది, 2020 జనవరిలో కూల్చేశారు. అక్కడ నష్టపోయినవాళ్లు కోర్టులో పరిహారం అడగగలిగారు. సోనాపురం జాలరి ఎవరిని అడుగుతాడు?

పరిశీలన అంటే ఒక్క కాగితం పని. ప్లాట్ నంబరు, ఖాతా నంబరు, షీటు నంబరు, పోటు గీత నుంచి స్థలం దగ్గరి మూలకు దూరం, ఏరు పక్కనైతే ఏటి వెడల్పు, తరగతి, నిషేధ దూరం, కట్టుబడి మొత్తం, ఎత్తు, మరుగు నీటి ఏర్పాటు, మడ చెట్లు గానీ ఇసుక దిబ్బ గానీ ఉందా లేదా. చివర అమీన్ సంతకం, కార్యదర్శి సంతకం, కొలిచిన తేదీ. ఈ నమూనా జిల్లా నుంచే ముద్రించి ఇస్తే, ఎంత జంకే పంచాయతీ అయినా 15 రోజుల్లో తేల్చగలదు. కాదంటే ఏ వరుసలో కాదన్నారో ఇంటివాడికి కనిపిస్తుంది, ప్లాన్ ఎంత జరిపితే సరిపోతుందో మాకూ కనిపిస్తుంది.

పట్టా విషయంలో మా వాళ్లు పడే తప్పులు కొన్ని చెప్పకుండా ఉండలేం. పట్టాలో కిసం (భూమి రకం) ఘరబారి (ఇంటి స్థలం) అని ఉంటే ఇల్లు కట్టుకోవచ్చనుకుంటారు. పొలాన్ని ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ కింద ఇంటి స్థలంగా మార్పించుకుంటే పని అయిపోయిందనుకుంటారు. ఆ రెండూ భూమి ఏ రకమో చెప్పే కాగితాలు. తీర గీత వాటికి తెలియదు. 8-ఏ ఉత్తర్వు కింద "సీఆర్‌జెడ్ పరిశీలన విడిగా చేయించుకోవాలి" అన్న ఒక్క వాక్యం తెలుగులో అచ్చు వేయిస్తే ఎన్నో ఇళ్లు నిలబడతాయి. పట్టా అంతా ఒడియాలో ఉంటుంది. ఇచ్ఛాపురం వైపు బంధువులతో మాట్లాడి కొలతలు లెక్క వేసుకునేవాళ్లకు గుంట దగ్గరే పొరపాటు జరుగుతుంది. ఆంధ్రలో ఎకరానికి 40 గుంటలు, ఒక గుంట 1089 చదరపు అడుగులు. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలే. డెసిమల్, సెంటు మాత్రం ఒకటే, ఎకరంలో నూరో వంతు. ఫారాల మీద గుంట మాట తీసేసి డెసిమళ్లు, చదరపు మీటర్లు అడగండి.

మాకు అన్నిటికంటే బాధగా ఉన్న విషయం పాత ఇళ్లది. నిషేధ దూరంలో కూడా, అధికారికంగా గుర్తించిన పాత కట్టడాన్ని బాగు చేసుకోవచ్చు, పునాది వైశాల్యం, అంతస్తుల మొత్తం వైశాల్యం పెంచకుండా తిరిగి కట్టుకోవచ్చు. నిబంధన అంతవరకు దయగానే ఉంది. కానీ అధికారిక కట్టడం అనడానికి కాగితం కావాలి. పేటల్లో తరాలుగా ఉంటున్న ఇళ్లు చాలా వరకు రఖిత్, అనాబాది ఖాతాల్లోని ప్రభుత్వ భూమి మీద ఉన్నాయి. పట్టా లేదు కాబట్టి అధికారిక కట్టడం కాదు, కాబట్టి తుపానుకు కూలిన గోడ కూడా మళ్లీ లేపకూడదు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, పాత ఓటరు జాబితా, తుపాను నష్టపరిహారం జాబితాలో పేరు, వీటిలో ఏ రెండు ఉన్నా ఇల్లు పాతదేనని ఒప్పుకుంటామని కమిటీ ఒక తీర్మానం చేయాలి. తీర్మానంలో పునాది కొలతలు ఇప్పుడే రాసిపెట్టండి. రేపు తుపాను వచ్చి గోడలు పోయాక కొలిచేందుకు ఏమీ మిగలదు.

మా వైపు నుంచి జరిగే తప్పులూ ఉన్నాయి. పల్లపు స్థలాన్ని మెరక చేయడానికి పర్రలో (నీరు నిలిచే తడి నేలలో) మట్టి పోయడం, ఏటి ఒడ్డున గట్టు కట్టి నీటిని ఆపడం, ఇంటి ముందు చదును కోసం ఇసుక దిబ్బ తవ్వడం, ఇవన్నీ నిషేధం. ఎందుకు నిషేధమో మేస్త్రీలందరికీ చెప్పాలి. పర్రలో పోసిన ప్రతి ట్రాక్టరు మట్టీ వాన నీరు నిలిచే చోటును తగ్గిస్తుంది, ఆ నీరు పక్కింట్లోకి వెళ్తుంది. దిబ్బ మీద అల్లుకున్న తీగలు, రావణాసురుడి మీసాలు అనే గడ్డి, మొగలి పొదలు ఇసుకను పట్టి ఉంచుతాయి. వాటిని కొట్టేస్తే రెండు మూడు తుపానుల్లోనే దిబ్బ కరిగిపోతుంది, ఆ తర్వాత అలకు ఇంటికి మధ్య ఏమీ ఉండదు. 2023 జన్ విశ్వాస్ చట్టంతో ఇలాంటి ఉల్లంఘనలకు జైలు బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టారు. పేటలో ఒక ఇల్లు మునగడానికి కింది అంకె చాలు.

ఇల్లు కట్టే పద్ధతి అనుమతి కాగితంలో భాగం కావాలని కూడా కోరుతున్నాం. ఉప్పుగాలికి ఇనుము లోపలి నుంచే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది, పిల్లర్ మూలలు రాలిపోతాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 తీర వాతావరణానికి తెరిచి ఉన్న కాంక్రీటును తీవ్రమైన పరిస్థితిగా లెక్కేస్తుంది. దానికి కనీసం ఎం 30 గ్రేడు కాంక్రీటు, ఘనపు మీటరుకు 320 కిలోల సిమెంటు, నీరు సిమెంటు నిష్పత్తి 0.45 దాటకుండా, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. మన దగ్గర 20, 25 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులే వాడుతున్నారు, అది కూడా నాలుగు మూలలకే. సముద్రపు ఇసుక, ఏటి ఉప్పు నీరు కాంక్రీటులో కలపకూడదు. నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే ఇనుమున్న కాంక్రీటుకు పనికిరాదు. ఈ ఐదు అంకెలూ ప్లాన్ వెనక తెలుగులో అచ్చు వేయించండి.

మరుగుదొడ్డి సంగతి ఇంకా ముఖ్యం. ఇసుక నేలలో నాలుగైదు అడుగులకే నీరు తగిలే చోట ఇంకుడు గుంత లోతుగా తీస్తే మురుగు నేరుగా తాగునీటి పొరలో కలుస్తుంది. తాగే బావికి 18 మీటర్ల లోపు ఇంకుడు గుంత ఉండకూడదు. ఇరుకు స్థలాల్లో అది కుదరదు కాబట్టి నాలుగైదు ఇళ్లకు కలిపి ఒక ఎత్తు గట్టు మీద ట్యాంకు కట్టేందుకు పంచాయతీ స్థలం చూపించాలి.

తంపర చెరువు చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు కూడా మమ్మల్ని ఇదే ప్రశ్న అడుగుతున్నారు. తంపర, బీల అన్న మాటలు సోంపేట దాకా తడి నేలకు మన వాళ్లు వాడేవే. ఛత్రపురం దగ్గరి తంపర మంచినీటి చెరువు, అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో ఉంది. దానికి వర్తించేవి 2017 చిత్తడి నేలల నిబంధనలు. పదేళ్ల సగటు వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత కట్టడం కుదరదు. సీఆర్‌జెడ్ ఫారం పట్టుకుని వచ్చినవాడికి ఈ తేడా కౌంటర్ దగ్గరే చెప్పాలి.

చివరిగా కమిటీ గురించి. జిల్లా కమిటీలో సంప్రదాయ తీరవాసుల నుంచి, మత్స్యకారులతో కలిపి, కనీసం ముగ్గురు ప్రతినిధులుండాలని నోటిఫికేషన్ చెబుతుంది. ఆ ముగ్గురు ఎవరో పేటల్లో నోటీసు పెట్టండి, వాళ్లలో ఒక్కరికైనా తెలుగు రావాలి. మత్స్యకారుల భవిష్యత్తు ఇళ్ల అవసరాలకు రాష్ట్రం విడిగా ప్రణాళిక తయారు చేయాలి. చేపలు ఎండబెట్టే చోటు, పడవలు నిలిపే చోటు పటం మీద గుర్తించాలి. అది గుర్తించకపోతే ఊరి ఉమ్మడి ఇసుక ఖాళీ భూమిగా కనిపిస్తుంది, రేపు ఎవరికైనా ఇచ్చేయడానికి వీలవుతుంది. ఆ ప్రణాళికను గ్రామసభల్లో చదివి వినిపించండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. చేతులు ఖాళీగా ఉండే ఆ రోజుల్లోనే పేటల్లో ఇంటి పని పెట్టుకుంటారు. రాళ్లు పాతడం, షీట్లు అంటించడం సంక్రాంతి నాటికి పూర్తయితే ఈసారి పునాదులకు ముగ్గు వేసేటప్పుడు రాయి ఎక్కడుందో చూసుకుని వేస్తాం. కొలత పని జరిగే రోజు ముందుగా చెబితే, టేపులు, గునపాలు పట్టుకుని మేమూ వస్తాం.

ఇట్లు,
గంజాం తీర తెలుగు పేటల్లో ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లు, భూమి కొలిచేవాళ్లు, మేస్త్రీలు